టీచరుగారి కూతురి వంతు

వైశాలికి నలభై తొమ్మిదేళ్ళు. కంప్యూటర్ చిప్‌ల డిజైన్లలో తప్పులు పట్టే ఉద్యోగం ఆమెది. జర్మనీలోని డ్రెస్డెన్ ఆఫీసులో ఆమె గొంతు పెంచాల్సిన అవసరం ఎప్పుడూ రాదు, కనుబొమ్మ ఎత్తితే చాలు, ఎదుటివాళ్ళు తమ తప్పు తామే వెతుక్కుంటారు. అలాంటి మనిషి ఒక చిన్న రంగు కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకుని, వారమంతా పాలు తీసినప్పుడల్లా దానివంక చూసి మురిసిపోతోందంటే ఇంట్లోవాళ్ళకి వింతగా ఉండదూ మరి.

ఆ కాగితం ట్రాము స్టాపులో ఎవరో పంచిపెట్టింది. పాత కంప్యూటర్లూ, పాత వీడియోగేములూ దాచుకునేవాళ్ళ సంఘం ఒకటి ఉందట. ఆదివారం మధ్యాహ్నం ఊళ్ళోనే, పీషెన్‌లో ఒక బడి జిమ్ము హాల్లో వాళ్ళ సరంజామా అంతా పరిచిపెడతారట. వచ్చినవాళ్ళు చూసి ఊరుకోనక్కర్లేదు, కూర్చుని ఆడుకోవచ్చట. కింద కొన్ని ఫొటోలు. అందులో ఒకదానిలో లేత గోధుమరంగు డబ్బా, దాని మీద నల్లటి మీటలు, పైవరసలో మాత్రం ఎర్రటి మీటలు. బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ అది. దాన్ని చూడగానే వైశాలి వయసు పన్నెండుకి పడిపోయింది.

సంగతేమిటంటే, ఆమె చిన్నప్పుడు నిడదవోలులో చదివిన ఆడపిల్లల హైస్కూలుకి ప్రభుత్వ పథకం కింద అచ్చు ఇలాంటిదే ఒకటి వచ్చింది. బళ్ళో చదవని వాళ్ళు కూడా వచ్చి కిటికీలోంచి తొంగిచూసి పోయారు. దానికోసం స్టోరు రూము ఖాళీ చేయించారు, గోడలకి సున్నం కొట్టించారు, దుమ్ము రాకుండా పచ్చటి తెరలు కట్టించారు, చెప్పులు బయట విడవాలని గుమ్మం పక్కన బోర్డు పెట్టించారు. గుళ్ళోకి వెళ్ళినంత భక్తిగా పిల్లలు లోపలికి వెళ్ళేవారు. ఆ గది తాళంచెవి లెక్కల టీచరు మంగతాయారుగారి బొడ్లో ఉండేది. రాజమండ్రి వెళ్ళి కంప్యూటరు శిక్షణ తీసుకొచ్చింది ఆవిడే. వైశాలిని కన్నదీ ఆవిడే.

టీచరు కడుపున పుట్టి ఆ టీచరు క్లాసులోనే కూర్చోవడం ఎంత చావో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. బడి గేటు దాటాక అమ్మా అనకూడదు, "టీచర్ గారండీ" అనాలి. చెయ్యెత్తితే అందరికంటే ఆఖర్న చూస్తుంది, తప్పు చేస్తే అందరికంటే ముందు చూస్తుంది. గురువారం ఆఖరి పీరియడు కంప్యూటరు. యంత్రం ఒకటి, పిల్లలు క్లాసునిండా. హాజరుపట్టీ వరసలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టేవారు, ఆ వరసలో వైశాలి పేరు చిట్టచివర. ఎన్ని వారాలకో వరస అక్కడిదాకా వచ్చేసరికి మంగతాయారుగారు కళ్ళజోడు సర్దుకుని క్లాసంతా ఒకసారి పరికించి, "పోయినవారం సుగుణ రాలేదు కదూ. సుగుణా, రా," అనేవారు. ఇంకోసారి ఇంకెవరికో సరిగ్గా అర్థం కాలేదని మళ్ళీ కూర్చోబెట్టేవారు. గంట కొట్టేసేవారు. మళ్ళీ వారం వరస మొదటికొచ్చేది.

రెండో ఏడు వానాకాలంలో బడికి దగ్గరలో పిడుగు పడి ఆ కంప్యూటరు నోరు మూసుకుంది. బాగుచేసే నాథుడు రాలేదు. దాని మీద వెల్వెట్ గుడ్డ కప్పి గదికి తాళం వేసేశారు. క్లాసు మొత్తంలో ఆ మీటల మీద వేలు పెట్టని పిల్ల ఒక్కతే మిగిలింది, అది టీచరుగారి కూతురు.

ఎప్పటి మాట ఇది. తర్వాత వైశాలి ఇంజినీరింగు చదివింది, లెక్కలేనన్ని కంప్యూటర్లు చూసింది, వాటి పేగులు తడిమే ఉద్యోగంలోనే స్థిరపడింది. కానీ ఆ ఒక్కదాని మీద మాత్రం మనసు చావలేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి విక్రాంత్‌తో చెప్పుకుంటే అతను పడీపడీ నవ్వాడు. దాంతో ఆ బాధని మళ్ళీ ఎవరిముందూ విప్పలేదు. తల్లి ముందు అసలే విప్పలేదు. ఇప్పుడేమో ఆ తల్లి విజిటర్ వీసా మీద వచ్చి, ఆ ఫ్రిజ్ ఎదురుగానే కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది.

"ఎక్కడికే ఈ ప్రయాణం?" అన్నారు మంగతాయారుగారు ఆదివారం పొద్దున.

"ఎగ్జిబిషన్‌కమ్మా. పాత కంప్యూటర్లు పెడతారట."

"వారమంతా మీ ఇద్దరికీ అదే పనాయె. ఆదివారం కూడా అదేనా?"

"అత్తమ్మా, మీరు గూడ రాండ్రి," అన్నాడు విక్రాంత్. అతనిది కరీంనగర్. "నేనైతే ఆ టీవీ గేములకోసం వస్తున్న. చిన్నప్పుడు గంటకు ఇంతని కిరాయికి తెచ్చుకొని ఆడెటోళ్ళం. మీ బిడ్డ దేనికోసం వస్తున్నదో ఆమెనే అడుగున్రి."

వైశాలి అతనివంక చూసిన చూపుకి అతను కోటు వెతుక్కునే నెపంతో పక్కగదిలోకి తప్పుకున్నాడు.

ముగ్గురూ హాలు చేరేసరికి మూడు దాటింది. తలుపు తీయగానే వెచ్చటి గాలి, దాంతోపాటు వేడెక్కిన పాత ప్లాస్టిక్ వాసన, కాఫీ వాసన, వందరకాల కూతలు. పొడవాటి బల్లల మీద లావుపాటి టీవీలు వరసగా వెలుగుతున్నాయి. ఒక్కోదాని ముందూ నెరిసిన గడ్డాలవాళ్ళు చిన్నపిల్లల్లా ముందుకి వంగి కూర్చుని ఉన్నారు. మంగతాయారుగారు గుమ్మంలో ఆగి ఒకసారి లోపలికి చూశారు. గోడ పట్టుకుని వంగి, కూతురు ఇక్కడ కొనిపెట్టిన బూట్ల పట్టీలు విప్పి, రెండూ జతగా గోడవార పెట్టి, మేజోళ్ళతో లోపలికి నడిచారు.

"అమ్మా, ఇక్కడ విప్పక్కర్లేదు," అంది వైశాలి గాభరాగా. నవంబరు నెల, కింద చల్లటి నేల, చూసేవాళ్ళు చూస్తున్నారు.

"కంప్యూటర్ గదేగా?"

"అవుననుకో, కానీ..."

"మరి?"

విక్రాంత్ నవ్వుతూ, "ఇడ్సిపెట్టు. అత్తమ్మ ఇజ్జత్ ఇస్తున్నది, ఇయ్యనీ," అని గేముల మూలకి వెళ్ళిపోయాడు. వైశాలి తల్లి వెనకాల నాలుగడుగులు వేసింది. వేసిన ప్రతి అడుగూ టకటకమని పాపంలా వినిపించింది. చివరికి తనని తానే తిట్టుకుంటూ వెనక్కి వచ్చి, తన బూట్లు కూడా విప్పి తల్లి బూట్ల పక్కన పెట్టింది. అప్పటికిగానీ ఆమె ప్రాణం కుదుటపడలేదు.

మొదటి బల్ల దగ్గర ఉన్నవి ఈ ఊళ్ళో పుట్టిన కంప్యూటర్లు, తూర్పు జర్మనీ అని ఒక దేశం ఉన్న రోజుల్లో చేసినవి. వాటి వెనక కూర్చున్న పెద్దావిడ అప్పట్లో ప్రోగ్రాములు రేడియోలో వచ్చేవని చెప్పింది. వైశాలి తెలుగులో తిప్పి చెబితే మంగతాయారుగారు నమ్మలేదు.

"మన ఆకాశవాణిలో వార్తలు చదివినట్టు ప్రోగ్రాములు చదివేవారా?"

"చదవరమ్మా. కూతలా వస్తుంది. ఆ కూతని వీళ్ళు క్యాసెట్‌లో పట్టుకుని, ఆ క్యాసెట్‌ని కంప్యూటర్‌కి వినిపిస్తే అదే ప్రోగ్రాం అవుతుంది."

పెద్దావిడ ఒక క్యాసెట్ పెట్టి వినిపించింది. చెవులు గింగురుమన్నాయి. "మధ్యలో ఇంట్లో ఎవరైనా దగ్గితేనో?" అని అడిగారు మంగతాయారుగారు. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆ ప్రశ్న జర్మన్‌లో వినగానే పెద్దావిడ పకపకా నవ్వింది. మైకు రేడియో ముందు పెట్టి పట్టేవాళ్ళమని, ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయకూడదని, వాళ్ళ నాయనమ్మకి దగ్గు కాబట్టి ఆవిణ్ణి మెట్ల మీద కూర్చోబెట్టేవారని చెప్పింది.

"చూశావా, ఉన్నదాంతోనే ఎంత చేసుకున్నారో," అన్నారు మంగతాయారుగారు. ఆవిడ ఒకరిని మెచ్చుకోవడం అరుదు, మెచ్చుకుంటే మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటారు. నాయనమ్మకి ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమన్నారు. ఆ నాయనమ్మ పోయి చాలాకాలమై ఉంటుందని వైశాలి తల్లికి చెప్పలేదు, ఈ నమస్కారాన్ని పెద్దావిడకీ చేరవేయలేదు.

అంతలో హాలు ఆ చివర్నుంచి ఒక చప్పుడు. ముందు మందంగా ఒక కూత, వెంటనే సన్నగా ఇంకొకటి. అన్ని గోలల మధ్యా అది విడిగా వినిపించింది. మంగతాయారుగారు నడుస్తున్నవారు నడుస్తున్నట్టే ఆగిపోయారు.

"అది మనదే," అన్నారు.

అదే. గోడవార ఒక చిన్న బల్ల మీద, లేత గోధుమరంగు డబ్బా, నల్లమీటలు, పైన ఎర్రమీటలు. ఎండ తగిలి కొద్దిగా పసుపెక్కింది కానీ ఎక్కడా గీత లేదు, దుమ్ము లేదు. వైశాలి ఎర్రమీటలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. మంగతాయారుగారైతే దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోకుండా, పురిటిమంచం దగ్గర బిడ్డని చూసినట్టు చూశారు.

దాని యజమాని పేరు డెట్లెఫ్. పొడుగ్గా, సన్నగా, ప్యాంటుకి భుజాల మీదుగా పట్టీలు వేసుకుని ఉన్నాడు. జర్మనీ పడమటి అంచున ఉన్న జార్‌బ్రూకెన్‌లో చదువుకునే రోజుల్లో ఒక ఇంగ్లీషు ప్రొఫెసరు దగ్గర దీన్ని కొన్నాడట. దానికోసం తనే ఒక ఆట రాశాడు. నదిలో పడవ. వంతెనల కిందనుంచి తప్పించుకుంటూ, నీళ్ళలో తేలుతున్న పీపాల్ని ఎక్కించుకుంటూ పోవాలి, అంతే. కానీ ఆ నీటికి అల ఉంది, పీపా బరువుకి పడవ కాస్త కిందికి కుంగుతుంది, సాయంత్రమయ్యేకొద్దీ నీళ్ళు నీలం నుంచి ఎరుపుకి తిరుగుతాయి. ఇదంతా ఇప్పటి ఫోనులో ఒక్క ఫొటోకి పట్టే జాగాలో నూరోవంతు చోటులోనే రాశాడు ఆ మనిషి. ఈ కాలంలో అంత పని చేయడానికి ఎంతమంది మనుషులు, ఎన్ని మీటింగులు కావాలో వైశాలికి తెలుసు. ఆమె నిలబడి లోలోపల అతనికి దణ్ణం పెట్టుకుంది.

డెట్లెఫ్ ఇద్దరి కాళ్ళవంకా చూసి, బూట్లు ఎందుకు లేవని మర్యాదగా ఇంగ్లీషులో అడిగాడు. మంగతాయారుగారు తన బళ్ళో నేర్పినట్టే, ఒక్కోమాటా విడివిడిగా, కంప్యూటర్ గదిలోకి దుమ్ము రాకూడదని, తమ బళ్ళో ఇలాంటిదే ఉండేదని, దానికి తానే బాధ్యురాలినని చెప్పారు. అతను చాలాసేపు ఆవిణ్ణే చూశాడు. తన బల్ల దగ్గరికి ఇన్నాళ్ళలో ఇంత సరైన పద్ధతిలో ఎవరూ రాలేదన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు. ఆ తర్వాత చెప్పాడు, వచ్చే వారం దీన్ని ఒక మ్యూజియానికి ఇచ్చేస్తున్నానని. అక్కడ గాజుపెట్టెలో పెడతారు. చూడ్డమే తప్ప ఇక ఎవరూ ముట్టుకోరు. ఈ మధ్యాహ్నమే ఆఖరు.

వైశాలి గోడ మీది గడియారం చూసింది. ఐదింటికి హాలు మూస్తారు. ఆట ముందు వరస గోడ పొడుగునా వేసిన చెక్కబెంచీల దాకా ఉంది. వెళ్ళి నిలబడింది, తల్లిని తన ముందు నిలబెట్టుకుంది. పెద్దావిడ కాబట్టి ముందు నిలబెట్టడం సహజమే. అదే తను చేసిన పొరపాటని కాసేపటికిగానీ తెలిసిరాలేదు.

మొదట చంకలో పిల్లాడున్న ఒక జంట వచ్చింది. మంగతాయారుగారు చెయ్యి చాపి వాళ్ళని తన ముందుకి పంపించారు. తర్వాత కాలికి కట్టుతో, చేతికర్రతో ఒకాయన. ఆయన్నీ పంపించారు. తర్వాత స్కూలుపిల్లలు నలుగురు. వాళ్ళని పంపించడమే కాకుండా, ఒక్కొక్కరి పేరూ అడిగి మరీ పంపించారు. వరస ముందుకి జరగాల్సింది వెనక్కి జరుగుతోంది. జర్మన్లకి ఇలాంటి వరస ఎప్పుడూ తటస్థపడి ఉండదు, ఆవిడకి థాంక్స్ చెప్పిచెప్పి అలిసిపోతున్నారు.

"అమ్మా, ఇంకా ఎంతమందిని పోనిస్తావు?"

"చంటిపిల్లలే."

"ఇందాకటాయన చంటిపిల్లాడా?"

"కాలు బాగాలేదు కదే. ఎంతసేపు నిలబడతాడు?"

"ఐదింటికి మూసేస్తారమ్మా. ఇక్కడ ఐదంటే ఐదే."

"అందుకే మరి. వాళ్ళకి మాత్రం దొరకొద్దూ?"

వైశాలికి ఒళ్ళు మండింది. ఆఫీసులో ఎత్తని గొంతు ఇక్కడ లేచింది. "నిడదవోల్లో కూడా ఇంతే చేశావు."

"ఏం చేశాను?"

"క్లాసులో అందరూ కూర్చున్నారు ఆ కంప్యూటర్ ముందు. సుగుణ ఎన్నిసార్లు కూర్చుందో. నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. నువ్వే కూర్చోనివ్వలేదు. నీకు గుర్తు కూడా ఉండదు."

తెలుగు తెలిసినవాళ్ళు చుట్టూ లేరు కాబట్టి సరిపోయింది. మంగతాయారుగారు కళ్ళజోడు తీసి పైటచెంగుతో తుడుచుకున్నారు.

"గుర్తు లేకపోవడమేమిటి," అన్నారు చివరికి. "అయినా నీకు ఇంట్లో నేర్పాను కదే. అట్ట మీద మీటలన్నీ గీసి, ఎర్రరంగు కూడా వేశాం ఇద్దరం. ఏ మీట ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేదానివి. సుగుణకి ఇంట్లో అవన్నీ ఎవరు చేసిపెడతారు?"

"అట్టముక్క కుయ్యిమనదమ్మా."

ఆవిడకి నవ్వు రాబోయి ఆగిపోయింది. వైశాలివంక చూడకుండా, వరస ముందున్నవాళ్ళ వీపులకి చెబుతున్నట్టు చెప్పారు. "ఆ యంత్రం దింపినరోజే స్టాఫ్‌రూములో అన్నారు, మంగతాయారు కూతురికి ఆటబొమ్మ వచ్చిందర్రా అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం నిజం కాకూడదని పట్టుబట్టి కూర్చున్నాను. వాళ్ళు అనుకునేదానికి ఆవగింజంత ఆధారం దొరక్కూడదనుకున్నాను. ఇంకా టైముంది, చివర్న ఎప్పుడో ఒకరోజు నిన్ను కూర్చోబెడదామనే అనుకున్నా. ఈలోగా పిడుగు పడింది."

"నాకు చెప్పచ్చుగా ఆ మాట."

"చెబితే ఊరుకునేదానివా?"

"ఊరుకునేదాన్ని కాదు."

"మరి. నేను మాత్రం ఏం ఆడానని? పొద్దున ఆన్ చేయడం, సాయంత్రం ఆఫ్ చేయడం, మధ్యలో ఎవరు ఏ మీట ఊడబెరుకుతారో అని గుండె అరచేతిలో పెట్టుకుని నిలబడటం. ఒక్కనాడూ ఆ కుర్చీలో కూర్చుని నాకోసం ఒక మీట నొక్కిన పాపాన పోలేదు."

వైశాలి తల్లివంక చూసింది. డెబ్బై దాటిన మనిషి, చల్లటి నేల మీద మేజోళ్ళతో, వెన్ను నిటారుగా పెట్టుకుని నిలబడి ఉంది. ఇంత నిక్కచ్చి మనిషిని తను ఈ ఉద్యోగాల్లో, ఈ దేశాల్లో ఎక్కడా చూడలేదు. కోపం తగ్గలేదు. అబద్ధం ఎందుకు, కోపం ఏమాత్రం తగ్గలేదు. కాకపోతే దాని పక్కనే గౌరవం కూడా వచ్చి కూర్చుంది, ఎవరూ పిలవకుండానే.

అప్పుడే మైకులో ప్రకటన వచ్చింది. గుమ్మం దగ్గర రెండు జతల ఆడవాళ్ళ బూట్లు దొరికాయని, పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి కౌంటర్‌లో తీసుకోవాలని. బూట్లు పోగొట్టుకుని కూడా తెలియకుండా తిరుగుతున్నవాళ్ళెవరా అని హాలంతా ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు. వైశాలి వరస వదిలి వెళ్ళలేదు. వెళితే తల్లి తన చోటు కూడా ఎవరికో దానం చేసేస్తుందని ఆమె భయం. విక్రాంత్‌కి ఫోన్ చేసింది.

కాసేపటికి అతను రెండు జతలూ చేత్తో పట్టుకుని, ముఖం గంటు పెట్టుకుని వచ్చాడు. "గేమ్ డబ్బా పనిచేస్తలేదని దాన్ల ఫూ అని ఊదిన. ఆడున్న పెద్దమనిషి లేచి ఎంత లొల్లి పెట్టిండో తెల్సా. ఊదితే నోటి తడికి లోపల చిలుము పడ్తదంట. మరి మనం చిన్నప్పుడు అట్లనే ఊదినం గదా, అన్ని మంచిగనే నడిచినయ్." ఇద్దరి ముఖాలూ చూసి ఆగాడు. "ఏమైంది?"

"ఏం లేదు," అన్నారు తల్లీకూతుళ్ళిద్దరూ ఒక్కసారే. విక్రాంత్ తెలివైనవాడు. బూట్లు బెంచీ కింద పెట్టి, కాఫీ తెస్తానని వెళ్ళిపోయాడు.

వరస కరుగుతోంది. టైము కూడా కరుగుతోంది. కాలికి కట్టున్నాయన ఆడాడు. స్కూలుపిల్లలు ఆడారు, గెలిచి అరిచారు, మళ్ళీ ఆడతామని బతిమాలారు, డెట్లెఫ్ కుదరదన్నాడు. చివరి పిల్ల లేచేసరికి అతను చేతి గడియారం చూసుకుని, అందరికీ వినబడేలా చెప్పాడు, ఇక ఒక్క ఆటకే సమయం ఉందని.

ముందు మంగతాయారుగారు. ఆవిడ వెనక వైశాలి. వైశాలి వెనక ఒకాయన, ఆయన చెయ్యి పట్టుకుని ఒక చిన్నపిల్ల, భుజం మీద ఇంకా చిన్నది. ఆయన మొహమాటపడుతూనే ముందుకి వంగి అడిగాడు. పిల్లలు చాలాసేపటినుంచి నిలబడ్డారు, మీకు అభ్యంతరం లేకపోతే పెద్దది ఒక్క నిమిషం కూర్చోవచ్చా అని. అడగడంలో తప్పేమీ లేదు. గంటసేపటినుంచీ ఆవిడ అందరినీ పిలిచి పిలిచి ముందుకి పంపుతుంటే చూసినవాడు అడగక ఏం చేస్తాడు?

వైశాలి తిప్పి చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. మంగతాయారుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆ పిల్లని చూశారు. కుర్చీని చూశారు. మళ్ళీ పిల్లని చూశారు. ఆ చూపు వైశాలికి బాగా తెలుసు. "సుగుణా, రా" అనే ముందు చూపు అదే. ఆమె బెంచీ మీది కోటు తీసుకుంది. ఏడవకూడదని మాత్రం గట్టిగా అనుకుంది, యాభై ఏళ్ళు వస్తున్న మనిషి జిమ్ము హాల్లో పడవాట కోసం ఏడిస్తే బాగుండదు.

మంగతాయారుగారు వంగి ఆ పిల్ల బుగ్గ పుణికారు. "సారీ అమ్మా," అన్నారు తెలుగులోనే. తర్వాత నిటారుగా లేచి, వెనక్కి చెయ్యి చాపి, కూతురి మణికట్టు పట్టుకుని, కోటుతో సహా ముందుకి లాగారు. క్లాసు ఆఖరి బెంచీ దాకా వినబడే ఆ పాత గొంతుతో డెట్లెఫ్‌తో అన్నారు.

"షి ఈజ్ మై డాటర్. మై డాటర్ ఫస్ట్."

పిల్లల తండ్రి నవ్వి ఒకడుగు వెనక్కి వేశాడు. డెట్లెఫ్ కుర్చీ వెనక్కి లాగాడు.

"అమ్మా, నీ వంతది. నువ్వు కూర్చో."

"కూర్చోవే ముందు. టైమైపోతోంది."

వైశాలి కూర్చుంది. మీటలు గోరువెచ్చగా ఉన్నాయి. మొదటిది నొక్కితే అనుకున్నదానికంటే లోతుకి దిగింది, డబ్బా లోపల్నుంచి కుయ్యిమంది, నీలంరంగు నీళ్ళ మీద పడవ కదిలింది. ఆమె చేతికింద, ఆమె నొక్కితే కదిలింది. మొదటి వంతెనకే గుద్దుకుని మునిగిపోయింది. రెండో పడవ వచ్చింది. అది కాస్త దూరం పోయింది, ఒక పీపా ఎక్కించుకుంది, పీపా బరువుకి కొద్దిగా కుంగింది.

మైకులో హాలు మూసేస్తున్నామని చెప్పారు. అటు పక్క బల్లల మీద టీవీలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. డెట్లెఫ్ గడియారం చూసుకుని, నొచ్చుకుంటూనే గొంతు సవరించుకున్నాడు. వెనక కుర్చీ వీపు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డ మంగతాయారుగారు అతనివైపు తిరిగారు.

"ఫైవ్ మినిట్స్ మోర్, ప్లీజ్. మై డాటర్ ఈజ్ ప్లేయింగ్."

నియమం అంటే నియమమే అనే మనిషి ఒకరు, అలాంటి మనిషే ఇంకొకరు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. డెట్లెఫ్ చేతి గడియారాన్ని చొక్కా చేతి కిందకి తోసేసి, ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

నీళ్ళు ఎరుపుకి తిరుగుతున్నాయి. వైశాలికి తెర సరిగ్గా కనబడటం లేదు, కళ్ళు తుడుచుకుందామంటే మీటల మీదనుంచి చెయ్యి తీయబుద్ధి కాలేదు.

"ముందుకి చూసుకోవే తల్లీ, వంతెన వస్తోంది," అన్నారు మంగతాయారుగారు వెనకనుంచి.

"చూస్తున్నానమ్మా," అంది వైశాలి.